సూల్వెన్: ఎత్తు 731 మీటర్లు, నడక తొమ్మిది గంటలు

తిరుమలలో గుడి ఉన్న చోటుతో పోలిస్తే సూల్వెన్ శిఖరం పొట్టిదే. సముద్రమట్టం నుంచి 731 మీటర్లు, అంతే. స్కాట్లండ్‌లో 3,000 అడుగులు, అంటే 914 మీటర్లు దాటిన కొండల్ని మన్రోలు అంటారు. అవి 282 ఉన్నాయి. వాటిలో దీని పేరు లేదు. ఆ కింది మెట్టు కార్బెట్లు, వాటిలోనూ లేదు. ఇంకో మెట్టు దిగి గ్రాహమ్‌ల జాబితా తీస్తే అందులో కనిపిస్తుంది. ఎడిన్‌బరో, గ్లాస్గో, అబర్డీన్‌లలో ఉండే మనవాళ్ళు చాలామంది ఈ అంకె చూసే ప్లాను వేస్తారు. పదింటికి నింపాదిగా నడక మొదలుపెట్టి నాలుగింటికల్లా కారు దగ్గరుంటామనుకుంటారు. ఆ లెక్క వేసుకున్నవాళ్ళ కోసమే ఇదంతా రాస్తున్నాను.

సూల్వెన్‌ను నిజంగా ఎక్కేది గంటన్నర సేపే. మిగతా పొద్దంతా కొండ మొదటిదాకా చేరడానికి, అక్కడి నుంచి మళ్ళీ బండి దగ్గరికి రావడానికి పోతుంది. ఏ రోడ్డూ దీని దగ్గరికి పోదు. చుట్టూ కిలోమీటర్ల కొద్దీ గుట్టలు, మడుగులు, చిత్తడి. కాబట్టి ఈ కొండకు సిద్ధం కావడమంటే ముందు ఆ నేలను అర్థం చేసుకోవడం.

ఎక్కడుంది, ఎలా కనిపిస్తుంది

స్కాట్లండ్ వాయవ్య మూలన, సదర్లాండ్‌లో, ఆసింట్ అనే సీమ ఉంది. దగ్గరి ఊరు లాకిన్వర్. చిన్న చేపల రేవు, కొన్ని దుకాణాలు, కొన్ని బస ఇళ్ళు. ఇన్వర్నెస్ నుంచి సుమారు 150 కిలోమీటర్లు, కారులో రెండు గంటల పైచిలుకు. ఏ835 రోడ్డు మీద అల్లాపూల్ దాటి, ఎల్ఫిన్ మీదుగా లెడ్‌మోర్ కూడలికి వచ్చి, అక్కడ ఎడమకు ఏ837 పట్టుకోవాలి. బస్సులు చాలా తక్కువ, వాటిని నమ్ముకుని ఒక్కరోజులో వెళ్ళిరావడం కుదరదు. నార్త్ కోస్ట్ 500 అనే పర్యాటక దారి ఈ ఊరి మీదుగానే పోతుంది కాబట్టి వేసవిలో బస ముందే చూసుకోవాలి. ఇక్కడి చిన్న రోడ్లు ఒక్క బండికి సరిపడా వెడల్పే. మధ్యమధ్యలో పక్కకు తప్పుకోవడానికి వదిలిన జాగాలుంటాయి. వాటిలో కారు పార్క్ చేయకూడదు. అంబులెన్సు తప్పుకోవాలన్నా ఉన్నది అదే చోటు.

సూల్వెన్ చూసే దిక్కును బట్టి మారిపోతుంది. లాకిన్వర్ రేవు నుంచి చూస్తే బోర్లించిన కుండలా ఉంటుంది, పైన గుండ్రం, పక్కలు నిటారు. లెడ్‌మోర్ వైపు నుంచి చూస్తే సన్నటి మొనదేలిన శూలం. దక్షిణాన స్టాక్ పాలీ మీద నిలబడి చూస్తే అసలు రూపం తెలుస్తుంది: దాదాపు రెండు కిలోమీటర్ల పొడవున సాగిన ఒక రాతి వెన్ను, దాని నడుమ జీనులా ఒక పల్లం. ఆ పల్లమే కొండకు తలుపు. రేవు నుంచి చూసినవాళ్ళు దీన్ని ఎక్కడం తాళ్ళు వాడేవాళ్ళ పని అనుకుంటారు, వాళ్ళకు ఆ తలుపు కనపడదు మరి.

పేరు నార్స్ నావికులు పెట్టినదానికి గేలిక్ తోక. 'సూలా' అంటే స్తంభం, 'బేన్' అంటే కొండ. సముద్రం మీద నుంచి వచ్చేవాళ్ళకు అది స్తంభమే మరి. మ్యాపు మీది మిగతా పేర్లు గేలిక్‌లో ఉంటాయి. నాలుగైదు మాటలు నేర్చుకుంటే మ్యాపు దానంతట అదే మాట్లాడుతుంది. బ్యాలఖ్ అంటే కనుమ. లోఖ్ అంటే సరస్సు. అవిన్ అంటే ఏరు. మ్యౌల్ అంటే గుండ్రటి గుట్ట. మోర్ అంటే పెద్ద, బేగ్ అంటే చిన్న. ఇప్పుడు చూడండి: కొండ వాయవ్య కొసన ఉన్న అసలు శిఖరం క్యాష్చల్ లీయ, బూడిదరంగు కోట. మధ్యలో ఉన్నది మ్యౌల్ మియానఖ్, నడిమి గుట్ట, 723 మీటర్లు. ఆగ్నేయ కొసన మ్యౌల్ బేగ్, చిన్న గుట్ట. మొదటి రెంటి నడుమ పల్లం బ్యాలఖ్ మోర్, పెద్ద కనుమ. దారులన్నీ చివరికి చేరేది అక్కడికే.

కాళ్ళ కింద రాయి

ఇది నడకకు సంబంధం లేని విషయమని దాటేయకండి. ఎక్కడ బూటు పట్టు దొరుకుతుందో, ఎక్కడ జారుతుందో, ఎక్కడ బురదలో దిగబడతారో అంతా రాయే నిర్ణయిస్తుంది.

అడుగున ఉన్నది లూయిసియన్ నైస్. ఐరోపాలోకెల్లా పాత రాళ్ళలో ఒకటి, కొన్ని భాగాల వయసు 300 కోట్ల ఏళ్ళ దాకా ఉంటుంది. బూడిదరంగు మీద తెల్లటి, నల్లటి చారలు, పిసికిన పిండిలా వంకర్లు తిరిగి ఉంటాయి. నీళ్ళను లోపలికి పోనివ్వదు. హిమానీనదాలు దీన్ని గీకి గీకి వేలకొద్దీ చిన్న గుట్టలుగా, గుంటలుగా చేసి వదిలాయి. గుంటల్లో నీళ్ళు నిలిచి మడుగులయ్యాయి. గుట్టల మధ్య నాచు, గడ్డి కుళ్ళి పేరుకుని పీట్ అనే నల్లటి మెత్తని నేల తయారైంది. దారి తప్పి ఈ నేల మీద సూటిగా నడవాలని చూస్తే, మ్యాపులో ఒక కిలోమీటరు కనిపించేది కాళ్ళ కింద రెండవుతుంది. ప్రతి గుట్టా ఎక్కి దిగాలి, ప్రతి మడుగూ చుట్టి పోవాలి.

ఆ నైస్ మీద కూర్చున్నదే సూల్వెన్. అది టొరిడోనియన్ ఇసుకరాయి, సుమారు 100 కోట్ల ఏళ్ళ కిందట నదులు తెచ్చి పోసిన ఇసుక, గులకరాళ్ళు. రంగు ఎరుపు కలిసిన గోధుమ. దగ్గరికి వంగి చూస్తే ఆ రాతిలో కందిగింజంత నుంచి ఉసిరికాయంత దాకా తెల్లటి, ఎర్రటి గులకలు పొదిగినట్టు కనపడతాయి. అవి ఆ పాత నది అడుగున దొర్లినవే. పొరలు దాదాపు అడ్డంగా పడి ఉండటంతో కొండ పక్కలు మెట్లుమెట్లుగా తెగాయి: ఒక గడ్డి గట్టు, దాని మీద ఒక రాతి గోడ, మళ్ళీ గట్టు, మళ్ళీ గోడ. ఒకప్పుడు ఈ ఇసుకరాయి సీమంతా దుప్పటిలా పరుచుకుని ఉండేది. మిగతాదంతా కోసుకుపోయి సూల్వెన్, కూల్ మోర్, స్టాక్ పాలీ లాంటి ఒంటరి తునకలు మిగిలాయి.

పాత రాయి మీద కొత్త రాయి, రెంటి నడుమ చెరిగిపోయిన కోట్ల ఏళ్ళ కాలం. ఇదే సంగతి చూడటానికి తెలుగువాళ్ళు స్కాట్లండ్ దాకా రానక్కరలేదు. తిరుపతి నుంచి తిరుమల వెళ్ళే ఘాట్ రోడ్డు పక్కన బోర్డు పెట్టి మరీ చూపిస్తారు: అడుగున ఆర్కియన్ గ్రానైట్, దాని మీద కడప శ్రేణి క్వార్ట్‌జైట్. దాన్ని ఎపార్కియన్ అన్‌కన్‌ఫర్మిటీ అంటారు, జాతీయ భూవైజ్ఞానిక స్మారకం. ఘాట్ రోడ్డులో ఆ గీత తెలిసినవాళ్ళకు సూల్వెన్ పాదం దగ్గర బూడిదరంగు రాయి ఆగి గోధుమరంగు రాయి మొదలయ్యే చోటు ఇట్టే తెలిసిపోతుంది.

నడకకు దీని అర్థం ఏమిటంటే, నైస్ గరుకుగా ఉండి తడిసినా పట్టునిస్తుంది. ఇసుకరాయి ఎండినప్పుడు అంతకంటే బాగుంటుంది, కానీ దాని మీద నాచు పట్టి తడిస్తే సబ్బే. పైగా అంచులు గుండ్రంగా అరిగి ఉంటాయి, చేతికి పట్టు చిక్కదు. పడమటి ముఖాన నిలువు గోడ ఎక్కే మార్గాలు పాతకాలం నుంచీ ఉన్నా, గడ్డి పట్టి వదులుగా ఉండటం వల్ల వాటి జోలికి పోయేవాళ్ళు తక్కువ. మనకు అక్కర్లేదు.

లాకిన్వర్ దారి: మొదటిసారి వెళ్ళేవాళ్ళకు ఇదే

ఉత్తరం వైపు నుంచి వెళ్ళే ఈ దారి రానుపోను 20 కిలోమీటర్ల చుట్టూ ఉంటుంది. లాకిన్వర్ ఊళ్ళోంచి గ్లెన్‌క్యానిస్ప్ లాడ్జికి పోయే సన్న రోడ్డు చివర చిన్న పార్కింగ్ జాగా ఉంది. వేసవి శనాదివారాల్లో పెందలాడే నిండిపోతుంది. లాడ్జి దాకా కార్లు తీసుకుపోవద్దు, అక్కడ తిప్పుకోవడానికి చోటుండదు.

పార్కింగ్ నుంచి లాడ్జికి కిలోమీటరు లోపే. లాడ్జి దాటాక తూర్పుకు మట్టి దారి. మొదట్లో చెట్లు, తర్వాత బోడి బీడు. దారి చక్కగా ఉంటుంది, మెల్లగా ఎక్కుతూ దిగుతూ పోతుంది, కుడివైపు సూల్వెన్ కనపడుతూనే ఉంటుంది. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. కొండ ఎదురుగా, చేతికందేంత దగ్గరగా కనిపించడంతో దారి వదిలి అడ్డంగా దానివైపు నడుస్తారు. మధ్యలో ఏరుంది, చిత్తడి ఉంది, గుట్టలున్నాయి. దారి కొండను దాటి పోతున్నట్టు అనిపించినా దారినే నమ్మండి. అది కనుమకు ఎదురుగా వచ్చేదాకా తీసుకెళ్ళి, అప్పుడు తిప్పుతుంది.

గంటా పావు, గంటన్నర నడిచాక ఎడమవైపు ఒక చీలిక వస్తుంది. అది సూలెగ్ అనే బోతీకి పోతుంది. బోతీ అంటే తాళం లేని రాతి గుడిసె, ఎవరైనా రాత్రి తలదాచుకోవచ్చు, డబ్బులివ్వక్కర్లేదు. 1965లో పుట్టిన మౌంటెన్ బోతీస్ అసోసియేషన్ స్వచ్ఛంద కార్యకర్తలు దీన్ని చూసుకుంటారు. కరెంటు లేదు, కుళాయి లేదు, మరుగుదొడ్డి లేదు. చాప, స్లీపింగ్ బ్యాగు, పొయ్యి, వంటసామాను అన్నీ మీవే. ఆరుగురూ అంతకన్నా ఎక్కువమందీ కలిసి వెళ్ళి దాన్ని ఆక్రమించడం మర్యాద కాదు. నిండిపోయి ఉంటే బయట పడుకోవడానికి టెంటు దగ్గరుండాలి. శీతాకాలంలోనో, నడక నెమ్మదిగా ఉండే జట్టుతోనో వెళ్ళేవాళ్ళు మొదటిరోజు ఇక్కడ ఆగి, తెల్లారి కొండెక్కడం మంచి పద్ధతి.

చీలిక దగ్గర ఎడమకు తిరక్కుండా అదే దారిలో పోతే అవిన్ న క్లాఖ్ ఆరీ అనే ఏరు వస్తుంది. దాని మీద వంతెన ఉంది. వంతెన దాటి ఇంకాసేపు నడిచాక కుడివైపు, అంటే దక్షిణానికి, ఒక బాట విడిపోతుంది. రాళ్ళ కుప్ప గుర్తు. ఈ మలుపు మీదే కన్నుంచాలి. లోఖ్ న గానివ్ అనే పెద్ద సరస్సు ఒడ్డు వెంబడి నడుస్తున్నారంటే మలుపు దాటొచ్చేశారని అర్థం.

మలుపు తర్వాత బీడు మీద ఎక్కుడు మొదలు. ఒకప్పుడు ఈ భాగమంతా నల్లటి పీట్ గుంట. ఒకరు తొక్కిన బురద తప్పించుకోవడానికి ఇంకొకరు పక్కన నడిచి, బాట రోడ్డంత వెడల్పయింది. కొన్నేళ్ళ కిందట జాన్ మ్యూర్ ట్రస్టు, స్థానిక ఆసింట్ ఫౌండేషన్ కలిసి దాన్ని రాళ్ళు పరిచి బాగుచేశాయి. ఆ రాళ్ళ మీదే నడవండి. తడిగా ఉన్నా, గులకలు గుచ్చుకున్నా, పక్కనున్న మెత్తటి గడ్డి మీదికి దిగొద్దు. వందమంది దిగితే పాత గుంట మళ్ళీ మొదలవుతుంది. పీట్ ఒకసారి తెగితే వాన దాన్ని కోసుకుంటూ పోతుంది, మళ్ళీ పేరుకోవడానికి వందల ఏళ్ళు కావాలి.

లోఖ్ ఎ ఖోర్ ఘూయి అనే చిన్న సరస్సు పక్కగా పోయాక వంక మొదలవుతుంది. కొండ పక్కన నీళ్ళు కోసిన నిటారు చాలు. బ్యాలఖ్ మోర్ మీదికి ఇదే నిచ్చెన. చేతులు ఆనించాల్సిన అవసరం పెద్దగా లేదు, కానీ వాలు చాలా నిటారు, కాళ్ళ కింద మట్టి, గులక, వదులు రాళ్ళు. ప్రమాదం పైనుంచి వస్తుంది. ముందు ఎక్కేవాళ్ళు తన్నిన రాయి వంక పొడవునా దొర్లుతుంది. జట్టు దగ్గరదగ్గరగా ఎక్కాలి, ఒకరి అడుగు వెనక ఒకరు, రాయి ఊపందుకునేలోపే ఆగేలా. లేదంటే ఒక్కొక్కరూ ఒక మలుపు దాటేదాకా కిందివాళ్ళు పక్కకు తప్పుకోవాలి. రాయి జారితే వెంటనే గట్టిగా అరవండి. ఎవరి రాయి అని చూసుకోవడం తర్వాత. దిగేటప్పుడు ఇదే వంక రెట్టింపు జాగ్రత్త అడుగుతుంది. అప్పటికి కాళ్ళు అలసి ఉంటాయి, మోకాళ్ళు వణుకుతుంటాయి. నడక కర్రలున్నవాళ్ళు దిగేటప్పుడు పొడవు పెంచుకోవాలి.

గోడ

కనుమ మీదికి రాగానే దక్షిణ దిక్కు ఒక్కసారిగా తెరుచుకుంటుంది. కూల్ మోర్, స్టాక్ పాలీ, వాటి మధ్య లెక్కపెట్టలేనన్ని మడుగులు. అక్కడ కుడికి, అంటే వాయవ్యానికి తిరగాలి. తిరిగిన కాసేపటికి ఎదురయ్యేది ఒక రాతి గోడ.

ఇలాంటి చోట గోడ ఉంటుందని ఎవరూ అనుకోరు. సున్నం లేదు, మట్టి లేదు, పలకరాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టారు. కొండ వెన్నుకు అడ్డంగా, ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా. రాళ్ళన్నీ అక్కడివే, అదే గోధుమరంగు ఇసుకరాయి. పొరలుగా విడిపోయే రాయి కాబట్టి బల్లపరుపుగా కుదురుకున్నాయి. దగ్గర నిలబడి చూస్తే రెండు వరుసలు, మధ్యలో చిన్న ముక్కలతో నింపడం, అక్కడక్కడా రెండు ముఖాలనూ కట్టిపడేసే పొడవు రాయి. మన పల్లెల్లో చేల గట్ల మీద సున్నం లేకుండా రాతి గోడలు పేర్చేవాళ్ళకు ఈ పనితనం వెంటనే తెలుస్తుంది. గోడలో వదిలిన సందులోంచే బాట పోతుంది. రాళ్ళు కదపొద్దు, పైకెక్కి కూర్చోవద్దు. గాలి కొడుతుంటే దాని చాటున కూర్చుని తినడానికి మాత్రం కొండ మొత్తం మీద ఇంత మంచి చోటు లేదు.

ఆ గోడను మనసులో ముద్ర వేసుకోండి. పొగమంచు కమ్మితే తిరుగు ప్రయాణంలో అదే మీ గుర్తు.

గోడ దాటాక వెన్ను ఒకచోట సన్నబడుతుంది, కాస్త దిగి మళ్ళీ ఎక్కాలి. రెండు పక్కలా లోతుంటుంది కానీ బాట స్పష్టం. చేతులు ఒకటి రెండు చోట్ల ఆనించాలి. చివరి ఎక్కుడు అయ్యాక, రేవు నుంచి కుండలా కనిపించిన ఆ కోట తల మీద వెడల్పైన పచ్చిక ఉంటుంది. అంత నిటారు గోడల మీద అంత సాపు గడ్డి. మ్యాపు గ్రిడ్ అంకె ఎన్‌సీ 153 183. ఉత్తరాన కూన్యాక్, 808 మీటర్లు. తూర్పున క్యానిస్ప్, 847. దక్షిణాన కూల్ మోర్, 849. పడమర మించ్ సముద్రం, గాలి శుభ్రంగా ఉన్న రోజున దాని అవతల హెబ్రిడీస్ దీవులు. పచ్చిక సాపుగా ఉందని అంచుల దాకా పోవద్దు. గడ్డి గుండ్రంగా వంగి, ఎక్కడ గోడ మొదలవుతుందో తెలియనివ్వదు. తడిసిన గడ్డి మీద జారితే ఆపడానికి ఏమీ లేదు.

టైము లెక్క

కొండ నడకకు విలియమ్ నేస్మిత్ 1892లో ఇచ్చిన సూత్రం అందరికీ తెలిసిందే: అయిదు కిలోమీటర్లకు గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. దాని ప్రకారం 20 కిలోమీటర్లకు నాలుగు గంటలు, గుట్టలన్నీ కలుపుకుని 800 మీటర్ల ఎక్కుడు వేసుకుంటే గంటా ఇరవై నిమిషాలు. మొత్తం అయిదు గంటల ఇరవై. మ్యాపు చూసి ప్లాను వేసేవాళ్ళకు వచ్చే అంకె ఇదే, వాళ్ళను ముంచేదీ ఇదే.

ఆ సూత్రం ఆగకుండా నడిచే ఆరోగ్యవంతుడి కోసం. అందులో భోజనం లేదు, బూటు లేసు కట్టుకోవడం లేదు, వాన జాకెట్టు తీసి వేసుకోవడం లేదు. దిగడానికి టైము అసలే వేయదు, కానీ ఈ వంక దిగడానికి ఎక్కినంత సేపూ పడుతుంది. నేను వేసే లెక్క ఇది: పార్కింగ్ నుంచి సూలెగ్ చీలికకు గంటా ఇరవై నిమిషాలు, అక్కడి నుంచి కుడి మలుపుకు ముప్పావు గంట, మలుపు నుంచి వంక మొదటికి గంట, వంక ముప్పావు గంట నుంచి గంట, కనుమ నుంచి శిఖరానికి నలభై నిమిషాలు. దాదాపు నాలుగున్నర, నాలుగు ముప్పావు గంటలు. పైన అరగంట. తిరుగు నడక నాలుగు గంటలు. అంటే తొమ్మిది. పిల్లలుంటే, కొత్తవాళ్ళుంటే పది. కనుమ మీదికి ఎన్ని గంటలకు చేరకపోతే వెనక్కి తిరగాలో ఇంటి దగ్గరే నిర్ణయించుకుని జట్టులో అందరికీ చెప్పండి. పైకెళ్ళాక, శిఖరం కళ్ళ ముందు కనపడుతుంటే, ఎవరూ ఆ నిర్ణయం సరిగ్గా తీసుకోలేరు.

ఈ అక్షాంశంలో జూన్ నెలాఖరున పగలు 18 గంటలు. డిసెంబరులో ఆరున్నర. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా నా ఓటు: వానలు కొంచెం తక్కువ, వెలుతురు ఎక్కువ, నుసుములు ఇంకా పూర్తిగా లేవవు. చలికాలంలో వంక గట్టి మంచుతో నిండిపోతుంది. ఐస్ గొడ్డలి, క్రాంపాన్లు (బూట్ల కింద కట్టుకునే ఇనుప ముళ్ళు) వాడటం వచ్చినవాళ్ళకు తప్ప అప్పుడు ఈ కొండ కాదు.

ఇన్వర్‌కర్కేగ్ దారి

లాకిన్వర్‌కు దక్షిణంగా కాస్త దూరంలో ఇన్వర్‌కర్కేగ్ ఉంది. అక్కడి నుంచి కర్కేగ్ నది వెంబడి ఎగువకు బాట. దూరం ఉత్తరపు దారి కంటే కొంచెం ఎక్కువే. మొదటి మూడు కిలోమీటర్లు చెట్ల నడుమ, ఏటి సవ్వడితో, చాలా అందంగా ఉంటాయి. కర్కేగ్ జలపాతం 60 అడుగులు. దాన్ని చూడటానికి పక్క బాట దిగాలి. తడి రాళ్ళు, కింద లోతైన నీళ్ళు, పిల్లల చేయి వదలొద్దు. చాలామంది అక్కడి నుంచే వెనక్కి తిరిగిపోతారు, అదీ మంచి సగంరోజు నడకే.

జలపాతం పైన ఫ్యూన్ లోఖ్ సరస్సు వస్తుంది. కొండ సరిగ్గా నీళ్ళ అవతల ఉంటుంది, కానీ బాట సరస్సు పడమటి కొసను చుట్టి పోవాలి. ఈ చుట్టు ఓపికను పరీక్షిస్తుంది. చుట్టాక ఉత్తర ఒడ్డున తడి నేల. వానాకాలంలో చీలమండ దాకా దిగుతుంది. తర్వాత దక్షిణ వంక మీదుగా బ్యాలఖ్ మోర్‌కు. బాగుచేసిన ఉత్తరపు బాటతో పోలిస్తే ఇది బురద, వదులు రాళ్ళు ఎక్కువ. రెండు కార్లుంటే ఒకటి ఇటు, ఒకటి అటు పెట్టి, ఇటు ఎక్కి అటు దిగితే కొండను నిలువునా దాటినట్టవుతుంది. అప్పుడు కూడా దక్షిణం నుంచి ఎక్కి, మంచి బాట ఉన్న ఉత్తరానికి దిగండి. అలసిన కాళ్ళకు మంచి బాట కావాలి.

తూర్పు నుంచి, వెన్ను మొత్తం

ఎల్ఫిన్ దగ్గర క్యామ్ లోఖ్ ఒడ్డు వెంబడి వచ్చి, మ్యౌల్ బేగ్ మీదుగా ఎక్కి, మ్యౌల్ మియానఖ్ దాటి, క్యాష్చల్ లీయ దాకా వెన్ను మొత్తం నడిచేవాళ్ళున్నారు. ఇది నడక కాదు, చేతులూ కాళ్ళూ కలిపి పాకడం. మ్యౌల్ బేగ్ అవతల వెన్ను తెగి లోతైన గండి పడింది. అందులోకి దిగడం నిటారు, తడిస్తే చాలా చెడ్డది. మ్యౌల్ మియానఖ్ మీది నుంచి బ్యాలఖ్ మోర్‌కు దిగేచోట కూడా ఇసుకరాతి గట్లు ఒక్కొక్కటీ వెతుక్కుంటూ దిగాలి. ఒక గట్టు మీద దారి దొరకలేదని దూకితే, కింది గట్టు మీద ముందుకూ వెనక్కూ పోలేని చోట చిక్కుకుంటారు. తాడు వాడటం వచ్చిన మనిషి జట్టులో ఉండి, రాయి పొడిగా ఉండి, గాలి లేని రోజైతేనే. మొదటిసారి వెళ్ళేవాళ్ళు కనుమ నుంచి ఎడమకు, అటువైపు తిరగనే వద్దు.

ఎక్కడ చెడుతుంది

మేఘం దిగినప్పుడు. అట్లాంటిక్ గాలి తిన్నగా ఈ కొండలకు కొడుతుంది, అరగంటలో అంతా తెల్లబడిపోతుంది. శిఖరం మీద పచ్చిక వెడల్పుగా ఉండటంతో ఎటు నుంచి వచ్చారో తెలియదు. పైకి చేరగానే, ఎండగా ఉన్నా సరే, దిక్సూచి తీసి తిరుగు దిక్కు ఆగ్నేయమని చూసుకోండి. ఇంకో పొరపాటు కనుమ దగ్గర. గోడ దాటి వచ్చాక ఎడమకు దిగితే లాకిన్వర్ వంక, కుడికి దిగితే ఇన్వర్‌కర్కేగ్ వంక. పొగమంచులో రెండూ ఒకేలా ఉంటాయి. కుడికి దిగినవాళ్ళు కింద మేఘం విడేసరికి కారుకు కొండ అవతలి పక్కన ఉంటారు. అలా జరిగితే బీడు మీద అడ్డంగా కొండ చుట్టి రావాలని చూడొద్దు. వచ్చిన వంకే ఎక్కడమో, బాట పట్టుకుని ఇన్వర్‌కర్కేగ్ రోడ్డుకు దిగడమో చేయాలి.

గాలి. మౌంటెన్ వెదర్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ రోజూ వాయవ్య హైలాండ్స్‌కు విడిగా సూచన ఇస్తుంది. ఊరి వాతావరణం యాప్ కాదు, అదే చూడండి. శిఖరాల మీద గంటకు 60 కిలోమీటర్లు దాటే గాలి రాస్తే వెన్ను మీదికి పోవద్దు. సముద్రం ఒడ్డుతో పోలిస్తే పైన నాలుగైదు డిగ్రీలు తక్కువ ఉంటుంది, తడిసి గాలిలో నిలబడితే జూలైలో కూడా వణుకు పుడుతుంది. జీన్స్, కాటన్ టీషర్టు వద్దు. అవి తడిస్తే ఆరవు, ఒంటి వేడిని లాగేస్తాయి. గ్లవ్స్, ఉన్ని టోపీ, వాన జాకెట్టు, వాన ప్యాంటు, తల లైటు ఏ నెలలోనైనా సంచీలో ఉండాలి. నీళ్ళు మనిషికి రెండు లీటర్లు. పైన జింకలు తిరుగుతాయి కాబట్టి వాగు నీళ్ళు వడపోసో మరిగించో తాగాలి. తిండికి పులిహోర బ్రహ్మాండంగా పనికొస్తుంది, చల్లారినా తినొచ్చు, ఉప్పూ నూనే రెండూ ఒంటికి కావాలి. కానీ చలిలో చేత్తో తినడం కష్టం. చెంచా పెట్టుకోండి, లేదా చపాతీలు చుట్టి తెచ్చుకోండి.

నుసుములు. మిడ్జ్‌లంటారు, మే చివర నుంచి సెప్టెంబరు దాకా, గాలి ఆగిన ఉదయాలూ సాయంత్రాలూ మేఘంలా వచ్చి పడతాయి. కాస్త గాలి వీస్తే ఎగరలేవు. తలకు సన్న వల తెచ్చుకోండి, టెంటు గాలి తగిలే మెట్ట మీద వేయండి, నీళ్ళ పక్కన కాదు. పిడుదులు ఇంకా ప్రమాదం, లైమ్ జబ్బు తెస్తాయి. ప్యాంటు సాక్సులో దోపి నడవండి, రాత్రి మోకాళ్ళ వెనక, చంకల్లో, గజ్జల్లో వెతకండి. పట్టుకుని ఉంటే పిడుదుల పట్టకారుతో చర్మానికి ఆనించి మెల్లగా తిన్నగా లాగండి. నూనె రాయడం, కాల్చడం చేయొద్దు, అవి లోపలి ద్రవాన్ని మీ ఒంట్లోకి కక్కిస్తాయి. తర్వాత వారాల్లో చుట్టూ ఎర్రటి వలయం పెరుగుతుంటే డాక్టరు దగ్గరికి వెళ్ళి పిడుదు కుట్టిందని చెప్పాలి.

ఈ నేల 2005 నుంచి అక్కడి జనానిదే. ఆసింట్ ఫౌండేషన్ గ్లెన్‌క్యానిస్ప్, డ్రమ్‌రన్నీ ఎస్టేట్లను, సుమారు 44,000 ఎకరాలు, ఊరుమ్మడిగా కొనుక్కుంది. స్కాట్లండ్‌లో 2003 నాటి భూసంస్కరణ చట్టం ప్రకారం ఎవరైనా బాధ్యతగా నడవొచ్చు, చిన్న టెంటు వేసుకోవచ్చు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా జింకల వేట జరుగుతుంటుంది, ఆ రోజుల్లో బాట వదలకుండా నడవడం అందరికీ మంచిది. పీట్ మీద మంట పెట్టొద్దు. పైన ఆరినట్టు కనిపించినా లోపల రోజుల తరబడి రగులుతుంది. మలవిసర్జన నీళ్ళకు కనీసం 30 మీటర్ల దూరంలో, గుంట తీసి పూడ్చాలి.

మ్యాపు కాగితానిదే తెచ్చుకోండి: ఆర్డినెన్స్ సర్వే ఎక్స్‌ప్లోరర్ 442, లేదా ల్యాండ్‌రేంజర్ 15. దారిలో చాలాచోట్ల ఫోను సిగ్నల్ ఉండదు, చలికి బ్యాటరీ త్వరగా పోతుంది. ప్రమాదం జరిగితే 999కి చేసి ముందు పోలీసులను, తర్వాత మౌంటెన్ రెస్క్యూను అడగాలి. ఆసింట్‌కు సొంత దళం ఉంది, అందరూ స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళే. మాట పోనంత సన్నటి సిగ్నల్‌లో కూడా మెసేజ్ పోవచ్చు, కానీ దానికి ముందే పేరు నమోదు చేసుకోవాలి. ఇంటి దగ్గరే 999కి 'రిజిస్టర్' అని ఇంగ్లీషులో మెసేజ్ పంపి, వచ్చే జవాబులో చెప్పినట్టు చేస్తే సరిపోతుంది. ఫోనే లేకపోతే విజిల్: నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆరు. చీకట్లో లైటుతోనూ అంతే. మీరు ఏ దారిలో పోతున్నారో, ఎన్నింటికి రాకపోతే ఫోను చేయాలో బస ఇచ్చినవాళ్ళకు చెప్పి వెళ్ళండి, దిగాక వాళ్ళకు కనపడి వచ్చేశామని చెప్పండి.